నీల్‌గాయ్‌కు ఏ తూటా? ఎన్‌సీఆర్ పొలాల్లో రైఫిల్ క్యాలిబర్ ఎంపిక వెనుక చట్టం, బరువు, దూరం

న్యూఢిల్లీ: దేశ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) అనగానే మెట్రో రైళ్లు, ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు గుర్తుకొస్తాయి. అయితే సుమారు 55 వేల చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలో ఢిల్లీ వాటా మూడు శాతం లోపే. మిగిలినది హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లకు చెందిన జిల్లాలు. వాటిలో అధిక భాగం గోధుమ, ఆవ, చెరకు, సజ్జ పండే సాగుభూమే. ఆ పొలాల్లోకి రాత్రివేళ మందలుగా దిగే నీల్‌గాయ్‌లు (తెలుగులో మనుబోతు), చెరకు తోటల్లో నక్కి ఉండే అడవి పందులు అక్కడి రైతుకు ఏటా తప్పని బెడద.

హర్యానా మంత్రివర్గం 2025 ఆరంభంలో మగ నీల్‌గాయ్‌లను చంపేందుకు అనుమతి ఇవ్వడానికి వీలు కల్పించే కొత్త వన్యప్రాణి నిబంధనలను ఆమోదించింది. బిష్ణోయ్ సమాజం దీన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. చంపాలా, వద్దా అన్న అంశంపై అప్పటి నుంచి విస్తృతంగా వాదోపవాదాలు సాగాయి. అనుమతి లభించిన పక్షంలో దేనితో కాల్చాలి అన్న ప్రశ్న మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. జంతువు క్షణాల్లో ప్రాణం విడుస్తుందా, లేక గాయంతో రోజుల తరబడి తిరుగుతుందా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే సమాధానంపైనే ఆధారపడి ఉంటుంది. గురి తప్పిన గుండు పొలంలోనే ఆగుతుందా, పక్క ఊరి దాకా వెళుతుందా అన్నది కూడా దీనితోనే తేలుతుంది.

అమెరికా ‘వర్మింట్’ వేరు, మన సమస్య వేరు

రైఫిళ్ల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సమాచారంలో అధిక భాగం అమెరికా నుంచి వచ్చినదే. అక్కడ ‘వర్మింట్’ అంటే పచ్చిక మైదానాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్, గ్రౌండ్‌హాగ్, గొర్రె పిల్లలను ఎత్తుకుపోయే కయోటీ వంటి చిన్న జంతువులు. వాటి బరువు కిలో నుంచి ఇరవై కిలోల లోపు. వాటి కోసమే .220 స్విఫ్ట్ (1935), .222 రెమింగ్టన్ (1950), .22-250 రెమింగ్టన్ (1965), .17 హెచ్‌ఎంఆర్ (2002), .204 రూగర్ (2004) వంటి తూటాలు రూపుదిద్దుకున్నాయి. తేలికైన గుండు, అధిక వేగం, తగలగానే ముక్కలైపోయే నిర్మాణం వీటి ప్రత్యేకతలు.

ఎన్‌సీఆర్ రైతు ఎదుర్కొంటున్న నీల్‌గాయ్ ఆసియాలోకెల్లా అతిపెద్ద యాంటిలోప్. ఎదిగిన మగ జంతువు భుజం వద్ద 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తు ఉంటుంది. బరువు 200 కిలోలు దాటడం సాధారణం. కొన్ని 280 కిలోల వరకూ పెరుగుతాయి. మెడ, భుజాల వద్ద చర్మం మందంగా ఉంటుంది. ప్రెయిరీ డాగ్ కోసం తయారైన గుండు ఈ దేహంపై పడితే పైపొరల్లోనే చిట్లిపోయి గుండె, ఊపిరితిత్తుల వరకు చేరదు. ‘పంటకు హాని చేసే జంతువుకు ఏ క్యాలిబర్’ అని వెతికి అమెరికా సమాధానాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే జరిగేది అదే.

అమెరికాలోనూ నీల్‌గాయ్‌లు ఉన్నాయి. 1920వ దశకం నుంచి దక్షిణ టెక్సస్‌లోని కింగ్ రాంచ్‌లో విడిచిపెట్టిన కొన్ని జంతువుల సంతతి ఇప్పుడు అక్కడ వేల సంఖ్యకు చేరింది. టెక్సస్ వేటగాళ్లు దాన్ని వర్మింట్ కోవలో చేర్చరు. మొండి ప్రాణం గల పెద్ద జంతువుగా భావించి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ వంటి శక్తిమంతమైన తూటాలను ఎంచుకుంటారు. గుండె, ఊపిరితిత్తులు ఛాతీలో కిందికి, ముందుకాళ్ల వైపు ఉంటాయని, వెనక్కి తగిలిన గుండుతో జంతువు చాలా దూరం పరుగెడుతుందని అక్కడి అనుభవం.

అనుమతి లేనిదే ప్రశ్నే లేదు

వన్యప్రాణి (సంరక్షణ) చట్టం–1972లోని సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. ‘వేట’ నిర్వచనంలో చంపడంతో పాటు అందుకు చేసే ప్రతి ప్రయత్నమూ ఉంది. అంటే గురి తప్పిందన్నది రక్షణ కాదు. నీల్‌గాయ్, అడవి పంది ప్రస్తుతం ఈ చట్టంలోని రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. గతంలో కాకులు, ఎలుకలు, గబ్బిలాలను హానికారక జీవులుగా చూపిన అయిదో షెడ్యూల్ రద్దయింది. కాబట్టి చట్టం దృష్టిలో ఇప్పుడు శాశ్వతంగా ‘వెర్మిన్’ అనదగిన జంతువు ఏదీ లేదు.

మిగిలిన మార్గాలు రెండు. సెక్షన్ 62 కింద కేంద్ర ప్రభుత్వం రెండో షెడ్యూల్‌లోని ఒక జంతువును నిర్దిష్ట ప్రాంతంలో, నిర్దిష్ట కాలానికి హానికారక జీవిగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బిహార్‌లోని పలు జిల్లాల్లో నీల్‌గాయ్, అడవి పందుల విషయంలో, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవి పంది విషయంలో, హిమాచల్‌ప్రదేశ్‌లోని సిమ్లాలో కోతుల విషయంలో ఇలాగే జరిగింది. రెండోది సెక్షన్ 11(1)(బి). మనుషుల ప్రాణానికి గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిన జంతువును వేటాడేందుకు రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వకంగా, కారణాలు పేర్కొంటూ అనుమతి ఇవ్వవచ్చు. ఎన్‌సీఆర్‌లో ఒక చిక్కు ఉంది. గురుగ్రామ్ పొలంలోని జంతువుకు హర్యానా ఉత్తర్వు, యమున దాటి గౌతమ్ బుద్ధ నగర్‌లో అడుగుపెడితే ఉత్తరప్రదేశ్ ఉత్తర్వు వర్తిస్తాయి. జంతువుకు ఈ సరిహద్దు తెలియదు గానీ కాల్చేవారికి తెలిసి తీరాలి.

జాతిని గుర్తించడంలో పొరపాటుకు మూల్యం భారీగానే ఉంటుంది. ఇవే మైదానాల్లో కృష్ణజింకలూ మేస్తాయి. అది మొదటి షెడ్యూల్ జంతువు. దాని వేటకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా ఉంటాయి. ఎన్‌సీఆర్ పరిధిలోని ఝజ్జర్‌లో 2005 నాటి కృష్ణజింక వేట కేసు దేశవ్యాప్తంగా సంచలనం సృష్టించింది. మాజీ క్రికెట్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ అందులో నిందితుల్లో ఒకరు. 2011లో ఆయన మరణించే నాటికి విచారణ పూర్తి కాలేదు.

హర్యానా నిబంధన మగ నీల్‌గాయ్‌లకే పరిమితం. ఎదిగిన మగది నీలిబూడిద రంగులో, పొట్టి కొమ్ములతో ఉంటుంది. ఆడది గోధుమ వన్నెలో ఉంటుంది. వయసు రాని మగవి కూడా ఆడవాటి రంగులోనే ఉంటాయి. టార్చి వెలుగులో ఈ తేడా పోల్చుకోవడం తేలిక కాదు. ఆ కోణంలో చూస్తే క్యాలిబర్ కన్నా ముందు నాణ్యమైన టెలిస్కోప్, తగిన వెలుతురు ఉండాలి.

బోర్, క్యాలిబర్: ఒకే మాట కాదు

ఉత్తర భారత నేర వార్తల్లో ‘315 బోర్ కట్టా’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఇక్కడ బోర్ అంటే అంగుళాల్లో గొట్టం లోపలి వ్యాసం. .315 అంటే అంగుళంలో వెయ్యింట 315 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. ‘12 బోర్’ అన్నప్పుడు అర్థం పూర్తిగా మారుతుంది. ఒక పౌండు సీసాన్ని 12 సమాన గోళాలుగా చేస్తే అందులో ఒక గోళం పట్టే గొట్టం అది. దాని వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. అవి గుండును గిర్రున తిప్పి నిలకడగా పంపుతాయి. 12 బోర్ గొట్టం నున్నగా ఉంటుంది.

క్యాలిబర్ అంకె గుండు వ్యాసాన్ని మాత్రమే చెబుతుంది. శక్తి తెలియాలంటే గుండు బరువు, దాని వేగం తెలియాలి. బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. .22 లాంగ్ రైఫిల్, .22-250 రెమింగ్టన్ రెండింటి గుండు వ్యాసం దాదాపు సమానమే అయినా వాటి శక్తి మధ్య తేడా పది రెట్ల పైమాటే. దుకాణంలో ‘ట్వంటీటూ’ అని అడిగితే సరిపోదన్నమాట.

లైసెన్సు గీసిన గీతలు

భారత్‌లో క్యాలిబర్ ఎంపిక నిజానికి చాలా చిన్న జాబితాలోంచే జరుగుతుంది. ఆయుధ చట్టం–1959, ఆయుధ నిబంధనలు–2016 ప్రకారం సైన్యం, పోలీసులు వాడే .303, 7.62 మి.మీ., 9 మి.మీ. వంటివి ‘నిషిద్ధ బోర్’ కిందికి వస్తాయి. సాధారణ పౌరుడికి వాటి లైసెన్సు లభించదు. 1980వ దశకం మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి క్రీడాకారులు వంటి కొద్దిమందికే పరిమితమైంది. 2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. అంటే కోతికొకటి, పందికొకటి, నీల్‌గాయ్‌కొకటి అని విడివిడిగా కొనే వీలు ఇక్కడ లేదు.

ఆచరణలో మిగిలేవి ప్రభుత్వ రంగ కర్మాగారాల ఉత్పత్తులు. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్, తమిళనాడులోని తిరుచిరాపల్లి కర్మాగారాలు ఇందులో ముఖ్యమైనవి. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయిన తర్వాత తుపాకుల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు, తూటాల తయారీ పుణె కేంద్రంగా ఉన్న మునిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు వెళ్లింది. .22 రైఫిల్, .315 స్పోర్టింగ్ రైఫిల్, .30-06 స్పోర్టింగ్ రైఫిల్, 12 బోర్ తుపాకులు ఈ వరుసలో ఉన్నాయి. పాత జమీందారీ, సంస్థాన కుటుంబాల్లో వారసత్వంగా వచ్చిన .275 రిగ్బీ, .375 హాలండ్ అండ్ హాలండ్ వంటి విదేశీ రైఫిళ్లు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి.

.315 వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో సైనికులు వాడే .303 తూటా పౌరుల చేతికి చిక్కరాదన్న భయం ఉండేది. దాంతో ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మి.మీ. మాన్‌లిఖర్ తూటాకు సరిపోయేలా లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌ను మలిచారు. వలస పాలన ముగిసినా ఆ ఏర్పాటు కొనసాగింది. ఉత్తరాది గ్రామాల్లో నేటికీ రైఫిల్ అంటే అధిక శాతం మందికి .315 అనే అర్థం. తూటా విరివిగా దొరకడం వల్లే నాటు కట్టాల తయారీదారులూ అదే కొలతను ఎంచుకుంటున్నారు.

.30-06 విషయంలో తరచూ ఒక సందేహం వస్తుంది. అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన ఈ తూటా క్యాలిబర్ కూడా 7.62 మిల్లీమీటర్లే. మరి అది నిషిద్ధం ఎందుకు కాదు? ఇత్తడి గొట్టం పొడవు వేరు. .30-06 గొట్టం 63 మిల్లీమీటర్లు కాగా మన సైన్యం వాడిన 7.62 తూటా గొట్టం 51 మిల్లీమీటర్లు. ఒకదాని తూటా మరొకదానిలో పని చేయదు. చట్టం చూసేది సైనిక తూటాతో ఉన్న సంబంధాన్నే.

.22తో కాల్చడం ఎందుకు క్రూరత్వం

గ్రామాల్లో అందరికీ సులువుగా అనిపించే ఆయుధం .22. చప్పుడు తక్కువ, వెనక్కి తన్నదు, తూటా చవక. దాని గుండు బరువు 2.6 గ్రాములు. గొట్టం వదిలేటప్పుడు శక్తి సాధారణంగా 200 జూళ్లకు మించదు. 11.7 గ్రాముల .30-06 గుండు సెకనుకు 820 మీటర్ల వేగంతో దాదాపు 3,900 జూళ్ల శక్తితో బయలుదేరుతుంది. ఇరవై రెట్లు.

జర్మనీలో చిన్న రో జింకను మినహాయించి గిట్టల జంతువులను వేటాడాలంటే కనీసం 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 100 మీటర్ల వద్ద కనీసం 2,000 జూళ్ల శక్తి ఉండాలని చట్టమే నిర్దేశిస్తుంది. స్వీడన్‌లో మూస్ వంటి పెద్ద జంతువులకు 10 గ్రాములు, అంతకు మించిన గుండైతే 100 మీటర్ల వద్ద 2,000 జూళ్లు, 9 నుంచి 10 గ్రాముల మధ్యదైతే 2,700 జూళ్లు తప్పనిసరి. మన వన్యప్రాణి చట్టంలో ఇలాంటి కనీస ప్రమాణం లేదు. అనుమతి పత్రంలో అధికారి షరతు విధిస్తే తప్ప 200 కిలోల జంతువుపై .22 పేల్చడాన్ని ఆపే నియమం కనిపించదు. ఇది చట్టంలో ఉన్న పెద్ద వెలితి.

ఆ వెలితి ఫలితం ఎలా ఉంటుందో దేశం ఒకసారి చూసింది. 2019లో బిహార్‌లోని వైశాలి జిల్లాలో తూటా తగిలి, ఇంకా ప్రాణంతో ఉన్న నీల్‌గాయ్‌ను యంత్రంతో గోతిలోకి నెట్టి మట్టి కప్పిన వీడియో వెలుగులోకి వచ్చింది. మొదటి గుండుతోనే ప్రాణం పోయి ఉంటే, లేదా వెంటనే రెండో గుండు పేల్చి ఉంటే ఆ దృశ్యమే ఉండేది కాదు.

ఎయిర్ రైఫిళ్ల సంగతి ఇంకా స్పష్టం. 4.5 మి.మీ. (.177) లోపు వ్యాసం, 20 జూళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. అవి గురి సాధనకే. వాటితో కోతిని, కుక్కను కొడితే జంతువు చావదు. కన్ను పోతుంది, గాయం కుళ్లుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేసు అవుతుంది. ఢిల్లీలో కోతుల సమస్యకు 2007లో హైకోర్టు చూపిన దారి కూడా పట్టి, అసోలా భట్టి అభయారణ్యానికి తరలించమన్నదే.

.315, .30-06 మధ్య

నీల్‌గాయ్ విషయంలో అసలు ఎంపిక ఈ రెండింటి మధ్యనే.

.315 గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 15.8 గ్రాములు. బరువైనది, నెమ్మదైనది, మొనభాగం గుండ్రనిది. దగ్గర దూరంలో లోతుగా దిగుతుంది. గాలి నిరోధం ఎక్కువ కావడంతో దూరం పెరిగేకొద్దీ వేగాన్ని త్వరగా కోల్పోయి, కిందికి వంగుతుంది. తుపాకితో పాటు వచ్చే ఇనుప గురితో, చేయి తిరిగిన వ్యక్తి పగటిపూట 100 మీటర్ల లోపు వాడుకుంటే సరిపోతుంది. అంతకు మించిన దూరంలో గాయపరిచే అవకాశమే ఎక్కువ.

.30-06 గుండు చదునైన మార్గంలో వెళుతుంది. 150 మీటర్ల వద్ద కూడా జర్మనీ ప్రమాణాన్ని సులువుగా దాటుతుంది. టెలిస్కోప్ అమర్చుకుంటే కచ్చితత్వమూ ఎక్కువ. కేవలం జంతువును దృష్టిలో ఉంచుకుంటే ఇదే మెరుగైన ఎంపిక. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ .275 రిగ్బీ. .30-06 కన్నా చిన్న క్యాలిబర్ అది. కార్బెట్ దానితో ఎన్నో ఏళ్లు పని చేశాడు. గుండు ఎక్కడ పడిందన్నది దాని వ్యాసం కన్నా ముఖ్యమని చెప్పడానికి వేట సాహిత్యం తరచూ ఇదే ఉదాహరణను చూపుతుంది. కార్బెట్ గురి అందరికీ ఉండదన్నది మాత్రం ఆ ఉదాహరణ చెప్పని సంగతి.

గుండు రకమూ చూడాలి. మొన మెత్తగా ఉండే ‘సాఫ్ట్ నోజ్’ గుండు దేహంలో దిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. పెద్ద గాయం చేసి, శక్తిలో ఎక్కువ భాగాన్ని అక్కడే వదులుతుంది. పూర్తిగా లోహపు తొడుగు ఉన్న గుండు సన్నటి రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతుంది. జంతువు చాలాసేపు బాధపడుతుంది, వెనుక ఉన్నవారికీ ముప్పే. పంటల రక్షణకు మొదటి రకాన్నే వాడాలి.

రైఫిల్ ఏదైనా, అదే రకం తూటాలతో ముందుగా గురి సరిచూసుకోవాలి. ఎన్‌సీఆర్‌లో ఇదీ ఒక సమస్యే. తుగ్లకాబాద్‌లో 1982 ఆసియా క్రీడల కోసం నిర్మించిన డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్ ప్రధానంగా ఒలింపిక్ విభాగాల కోసం ఉన్నది. 2010 కామన్వెల్త్ క్రీడల్లో ఫుల్‌బోర్ పోటీలు జరిగిన కాదర్‌పుర్ రేంజ్ గురుగ్రామ్‌లోని సీఆర్‌పీఎఫ్ ప్రాంగణంలో ఉంది. .315 లైసెన్సు ఉన్న రైతు తన రైఫిల్‌ను పరీక్షించుకునే చోటు దాదాపు లేదు. లైసెన్సుపై దొరికే తూటాల సంఖ్యా పరిమితమే. ఏళ్ల తరబడి పేల్చని తుపాకితో నేరుగా జంతువు మీదే మొదటి గుండు పేల్చే పరిస్థితి ఇలా ఏర్పడుతోంది.

గుండు ఎక్కడ ఆగుతుంది?

ఎన్‌సీఆర్ మైదానంలో అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న ఇది. .30-06 గుండు అనుకూల కోణంలో పేలితే సుమారు 5 కిలోమీటర్లు ప్రయాణించగలదు. ‘చిన్నది’ అనుకునే .22 గుండు సైతం దాదాపు 2 కిలోమీటర్లు, అంతకు మించి వెళ్లగలదని తయారీదారులే పెట్టెలపై హెచ్చరిస్తారు. నోయిడా, గ్రేటర్ నోయిడా, సోనీపత్, ఫరీదాబాద్ శివార్లలో ఏ పొలం గట్టున నిలబడినా అయిదు కిలోమీటర్ల పరిధిలో ఊరో, రహదారో, ఇటుక బట్టీయో, నిర్మాణంలో ఉన్న టవరో ఉంటుంది. కొండలూ, ఎత్తైన గట్లూ అడ్డుండే ఆరావళి ప్రాంతం మినహా గుండును ఆపే సహజమైన అడ్డు ఏదీ ఉండదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఛాతీ నేలకు 1.1 మీటర్ల ఎత్తులో ఉన్న జంతువు 80 మీటర్ల దూరంలో ఉంది. కాల్చే వ్యక్తి నేలపై నిలబడి 1.4 మీటర్ల ఎత్తు నుంచి పేల్చాడు. గుండు దేహాన్ని దాటితే, భూమ్యాకర్షణను పక్కన పెట్టి సరళరేఖగా లెక్కిస్తే, మరో 290 మీటర్లు పోయాక గానీ నేలను తాకదు. అదే వ్యక్తి నాలుగు మీటర్ల ఎత్తైన మంచెపై నుంచి కాలిస్తే గుండు జంతువు వెనుక సుమారు 30 మీటర్లలోనే మట్టిలో దిగుతుంది. రాయికి, గట్టి నేలకు తగిలితే ఎగిరి దారి మళ్లే ప్రమాదం అప్పుడూ ఉంటుంది. అయినా రెండింటి మధ్య తేడా పది రెట్లు. మన పొలాల్లో పిట్టలను తోలేందుకు వేసే మంచె, తుపాకి విషయంలో ప్రాణరక్షణ సాధనమవుతుంది.

అందువల్ల జంతువు దృష్ట్యా ఉత్తమమైన .30-06, పరిసరాల దృష్ట్యా ఎప్పుడూ ఉత్తమం కాదు. మంచె, దున్నిన మెత్తని నేల, 100 మీటర్ల లోపు దూరం, వెనుక స్పష్టంగా కనిపించే ఖాళీ స్థలం ఉన్నచోట మాత్రమే రైఫిల్ సరైనది. అవి లేనిచోట ఏ క్యాలిబరూ సరైనది కాదు. 2019 ఆయుధ సవరణ చట్టం ప్రకారం నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పెళ్లి ఊరేగింపుల్లో పేల్చే తుపాకుల కోసం తెచ్చిన సెక్షన్‌గా ఇది పేరుపడినా పొలంలో పేల్చే రైఫిల్‌కూ వర్తిస్తుంది.

అడవి పంది, 12 బోర్, తెలుగు రాష్ట్రాలు

అడవి పంది విషయంలో లెక్క కొంత మారుతుంది. అది చెరకులోంచి, పొదల్లోంచి దగ్గర దూరంలో బయటపడుతుంది. 30 నుంచి 50 మీటర్ల లోపు 12 బోర్ తుపాకితో పేల్చే ఒంటి గుండు (స్లగ్) దాదాపు 28 గ్రాముల సీసం. ఆ దూరంలో దాని శక్తి చాలినంత ఉంటుంది. రైఫిల్ గుండుతో పోలిస్తే త్వరగా నేలకు దిగుతుంది. జనావాసాల చేరువలో ఇదే తక్కువ ప్రమాదకరం. ఎల్‌జీ, ఎస్‌జీ వంటి పెద్ద రవ్వల తూటాలు 30 మీటర్లు దాటితే చెల్లాచెదురవుతాయి. ఒకటి రెండు రవ్వలు కడుపులో దిగిన పంది చావకపోగా, గాయంతో మనుషులపై తిరగబడుతుంది. నీల్‌గాయ్‌పై రవ్వలు వాడనే రాదు.

తెలుగు రాష్ట్రాల రైతులకు అడవి పంది బెడద కొత్త కాదు. మొక్కజొన్న, వేరుశనగ చేల చుట్టూ అక్రమంగా వేసే విద్యుత్ తీగలకు పందుల కన్నా ముందు మనుషులు బలవుతున్న వార్తలు తరచూ వస్తున్నాయి. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులను గౌరవ వన్యప్రాణి వార్డెన్లుగా గుర్తించి, లైసెన్సు ఉన్న షూటర్ల ద్వారా పందులను చంపించే అధికారం ఇచ్చింది. తెలంగాణలోనూ సర్పంచుల ద్వారా ఇదే తరహా ఏర్పాటు అమల్లోకి వచ్చింది. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో 200కు పైగా నీల్‌గాయ్‌లను చంపిన షూటర్ల బృందం హైదరాబాద్ నుంచి వెళ్లినదే. అప్పట్లో కేంద్ర మంత్రివర్గ సహచరులైన మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ మధ్య బహిరంగ విభేదాలకు అది దారి తీసింది. హానికారక జీవుల ప్రకటనలపై స్టే ఇవ్వడానికి సుప్రీంకోర్టు అదే నెలలో నిరాకరించింది.

రైతుకు చట్టం ఇచ్చే తుపాకి

ఆయుధ చట్టంలోని సెక్షన్ 13(3) ఇక్కడ గమనార్హం. పంటల రక్షణ కోసం దరఖాస్తు చేసే రైతుకు ఆ సెక్షన్ ప్రధానంగా చూపేది గొట్టం మూతి వైపు నుంచి మందు కూరే తుపాకిని. అది సరిపోదని అధికారి భావిస్తే మరో నున్నని గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. రైఫిల్ కావాలంటే వేరుగా, తగిన కారణం చూపాలి. 1959లో ఈ నియమం రాసినప్పుడు దాని ఉద్దేశం పిట్టలను, పందులను బెదరగొట్టడం. నీల్‌గాయ్‌ను ఒక్క గుండుతో చంపడం కాదు.

ఫలితంగా పంట నష్టపోయిన రైతు చేతిలో ఉండే తుపాకి ఈ పనికి అన్నిటికన్నా పనికిరానిది. పనికొచ్చే రైఫిల్ ఉన్నది ఆత్మరక్షణ పేరిట లైసెన్సు పొందిన వ్యక్తి వద్దో, వారసత్వంగా పొందిన కుటుంబం వద్దో. అనుమతి పొందిన రైతు సొంతంగా కాల్చేకన్నా అధికారులు ఎంపిక చేసిన షూటర్‌ను పిలిపించుకోవడమే మేలని అనడానికి ఇదే కారణం.

కాల్చిన తర్వాత కళేబరం ఎవరి సొత్తూ కాదు, ప్రభుత్వానిదే. మాంసం పంచుకున్నా, కొమ్ములు దాచుకున్నా కొత్త నేరమవుతుంది. సమాచారం అటవీ సిబ్బందికి అందాలి, వారి సమక్షంలోనే ఖననం లేదా దహనం జరగాలి. పొలంలో వదిలేస్తే మరో నష్టం ఉంది. సాఫ్ట్ నోజ్ గుండు విచ్చుకున్నప్పుడు రాలే సన్నటి సీసం ముక్కలు కళేబరాన్ని తిన్న రాబందుల, గద్దల కడుపులోకి చేరతాయి. కాలిఫోర్నియా కాండోర్ రాబందులు ఇలాగే విషప్రభావానికి గురయ్యాయి. ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. భారత్‌లో పౌరులకు అందే .315, .30-06 తూటాలు సీసంతో చేసినవే. కాబట్టి ఎన్‌సీఆర్‌లో గోతిని ఎంత లోతుగా తవ్వారన్నది కూడా అనుమతి పత్రంలోని షరతుల్లో ఒకటిగా ఉండాల్సిన అంశమే.